నూలుపోగు కదలని రోజు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్లం తాతయ్య, మావయ్య, అత్తయ్య, పిన్ని, నేను. చేపల్ని కూడా మనుషుల్లో కలిపే ఇల్లు కాబట్టి వాటినీ చెప్పాలి. అవి ఉదయం నుంచీ నీళ్ల పైకొచ్చి నోళ్లు తెరిచి ఉన్నాయి. సాయంత్రం అయ్యేసరికి మా నోళ్లు కూడా అలాగే ఉన్నాయి.

తాతయ్య చేతిగడియారాలు బాగుచేసేవాడు. చూపు తగ్గి ఆ పని మానేశాడు గాని చెవులు మాత్రం తగ్గలేదు. పక్కింట్లో స్పూను పడితే ఏ గదిలో పడిందో చెప్తాడు. మావయ్యకి కళ్లద్దాల దుకాణం. మనసు వెన్న. ఎవరైనా పక్కన దగ్గితే మంచినీళ్లు తను తెచ్చిస్తాడు. అత్తయ్య కర్టెన్లు కుడుతుంది. కిటికీలకి కుట్టగా మిగిలిన గుడ్డతో రేడియోకి, మిక్సీకి, ఫోన్ ఛార్జరుకి కూడా తొడుగులు కుట్టేసింది. అన్నిటికీ అంచున కుచ్చులుంటాయి.

పిన్ని మా అమ్మ చెల్లెలు. ల్యాబులో రక్తం తీసే పని. సూది గుచ్చినట్టు తెలియనివ్వదని పేరు. మాటల్లో మాత్రం గుచ్చినట్టు బాగా తెలుస్తుంది. నేను మా పల్లె బడిలో చదువు అయ్యాక పై చదువుకని వచ్చి వాళ్లింట్లో ఉంటున్నాను.

ఆ ఇంట్లో ఒక అలవాటుంది. ఎవరూ ఎవరినీ అడగరు. చెయ్యాలనుకున్నది ఎవరికి వాళ్లు చేసేసి ఊరుకుంటారు. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే అటు పోయే ప్రతివాళ్లూ మూత తీసి, ఇంకెవరూ వేసి ఉండరులే అని చిటికెడు ఉప్పు వేసి పోతారు. తినేటప్పుడు అందరూ నోరెత్తకుండా మంచినీళ్లు తాగుతారు. ఎవరు వేశారని మాత్రం ఎవరూ అడగరు.

వచ్చిన కొత్తలో నాకు భయం వేసేది. తర్వాత తర్వాత అలవాటైపోయింది. నేనూ చిటికెడు వేసేదాన్ని.

ఆ ఆదివారం మా ఇంటికి వచ్చిన ఆరో మనిషిని మేం పంపాయన అనేవాళ్లం. బజార్లో చేపల తొట్లు అమ్మే దుకాణంలో పని. తొట్లు బిగించడం, పంపులు పెట్టడం అతని వంతు. మనిషి పొడుగు. గుమ్మంలోంచి వంగి రావాల్సిందే. వంగి లోపలికొచ్చాక కూడా నిలబడటం కాసేపు మర్చిపోతాడు.

అతను మొదటిసారి వచ్చింది అంతకు ముందటి వానాకాలంలో. హాల్లో గోడ పొడుగునా ఉన్న తొట్టిలో గోల్డ్‌ఫిష్‌లు రోజూ పొద్దున్నే పైకొచ్చి గాలి కోసం నోళ్లు తెరుస్తున్నాయని తాతయ్య ఫోన్ చేశాడు. అతనొచ్చి చూసి, నీళ్లు తిరగడం లేదండీ అన్నాడు. పైన నీళ్లు పాల మీద మీగడలా కదలకుండా ఉన్నాయని, అడుగున మూలల్లో మురికి అక్కడికక్కడే పేరుకుపోయిందని చూపించాడు. సంచిలోంచి కొత్త పంపు తీసి బిగించి స్విచ్ వేశాడు.

నేను జీవితంలో అలాంటిది చూడలేదు. చేపలన్నీ ఒక్కసారిగా గిరగిరా తిరగడం మొదలుపెట్టాయి. ఇసుక లేచింది. పైపు కొస పైకి తిరిగి నీళ్లు ధార కట్టి తాతయ్య చదువుతున్న పేపరు మీద పడ్డాయి. తాతయ్య పేపరు దించలేదు. జరిగింది నిజమని ఆయనకి ఇంకా నమ్మకం కలగలేదు.

సరిగ్గా అప్పుడే పిన్ని డ్యూటీ నుంచి వచ్చింది. గుమ్మంలో గొడుగు మూస్తూ తొట్టి వైపు చూసింది.

"ఏమండీ, చేపలకి నీళ్లు తిప్పుతున్నారా, నీళ్లలో చేపల్ని ఉతుకుతున్నారా?"

అతను కంగారుగా స్విచ్ కోసం గోడంతా తడిమాడు. "కొంచెం ఎక్కువైనట్టుంది మేడం."

"కొంచెమా? దొరగారు వెనక్కి ఈదుతున్నారు."

దొర అంటే మా తొట్టిలో అందరికంటే పెద్ద చేప. ఆ సంగతి అతనికెలా తెలుస్తుంది? తడిసిన పేపరు పట్టుకున్న తాతయ్య దగ్గరికి వెళ్లి చేతులు జోడించి, "క్షమించండి దొరగారూ, ఇంకెప్పుడూ ఇలా జరగదు" అన్నాడు.

పిన్ని గొడుగుని మళ్లీ తెరిచింది. దాని చాటున నవ్వుతోందని నాకొక్కదానికే కనిపించింది.

మర్నాడు చిన్న పంపుతో వచ్చాడు. దాంతోపాటు ఒక పుల్ల తెచ్చాడు. పుల్ల కొసకి ఎర్రటి నూలుపోగు కట్టి ఉంది. ఆ పుల్లని తొట్టిలో ఒక్కోచోట ముంచి, పోగు ఎటు వాలుతుందో చూస్తాడు. పోగు వాలితే నీళ్లు నడుస్తున్నట్టు. కిందికి వేలాడితే అక్కడ నీళ్లు చచ్చినట్టు. నీళ్లు ఈ గోడ వెంట వెళ్లి ఆ మూల తిరిగి, అడుగు నుంచి వెనక్కి పంపు దగ్గరికి రావాలట. దారిలో ఏ మూలనీ వదలకూడదట. పైన నీళ్లు కొంచెం వణుకుతూ ఉంటే గాలి లోపలికి కలుస్తుందట.

పిన్ని పరీక్ష పెట్టేదానిలా నిలబడి అన్నీ అడిగింది. ఎక్కువైతే ఎలా తెలుస్తుందని కూడా అడిగింది.

"చేప ఆగాలనుకున్నప్పుడు ఆగగలగాలి మేడం. ఆగలేకపోతే ఎక్కువైనట్టు."

ఆ మాటకి పిన్ని సరేనని తలూపింది. అది కూడా నేను అంతకు ముందు చూడని సంగతే.

తర్వాత అతను నెలకోసారి తొట్టి శుభ్రం చెయ్యడానికి రావాల్సింది, వారానికోసారి రావడం మొదలుపెట్టాడు. ఒకసారి పైపు చూడాలనేవాడు. ఒకసారి పంపులో మురికి పట్టే స్పాంజి చూడాలనేవాడు. చూసిన స్పాంజినే ఇంకోసారి చూసేవాడు. ఇద్దరూ తొట్టికి చెరో పక్కా నిలబడి నీళ్లలోంచి ఒకరినొకరు చూసుకునేవాళ్లు. గాజులోంచి చూస్తే మనుషులు వంకరగా కనిపిస్తారు. వాళ్లకేం అభ్యంతరం ఉన్నట్టు లేదు.

మధ్యలో ఒకసారి అతనికి జ్వరమొచ్చి రక్తపరీక్షకని పిన్ని పనిచేసే ల్యాబుకే వెళ్లాడు. సూది చూడగానే అంత పొడుగు మనిషీ కుర్చీలో చిన్నగా అయిపోయి, ఏదైనా మాట్లాడుతూ ఉండండి మేడం అన్నాడట. పిన్ని మా చేపల పేర్లు వరసగా చెప్పిందట. పేర్లు అయిపోయేలోపల పని అయిపోయిందట. ఆ సంగతి ఇంటికొచ్చి చెప్తూ పిన్ని పడిపడి నవ్వింది. నవ్వడం ఆపాక చేపల పేర్లు మళ్లీ ఒకసారి తనలో తనే చెప్పుకుంది. అత్తయ్య కుట్టుమిషను ఆపి పిన్ని వైపు చూసింది. అత్తయ్య ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. కాని ఏమీ అడగలేదు. ఆ ఇంట్లో అడగరుగా.

వానలు తగ్గుముఖం పట్టేసరికి అతను రావడం మానేశాడు.

ఎందుకో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు. వాన పడిన రోజున పిన్ని కిటికీ దగ్గరికి వెళ్లి వీధి వైపు చూసేది. నేను చూస్తున్నానని తెలియగానే కిటికీ వెయ్యడానికే వచ్చినట్టు గడియ పెట్టేది. ఇంట్లో గాలి ఆడక మేమంతా ఉక్కపోతతో చచ్చేవాళ్లం.

అలా ఉండగా ఆ ఆదివారం వచ్చింది. చేపలన్నీ పైన వరస కట్టి నోళ్లు తెరిచాయి. దొర పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. తాతయ్య ఫోన్ చేశాడు. మధ్యాహ్నం దాటాక అతను వచ్చాడు. చొక్కా భుజాల దగ్గర వానకి తడిసి ఉంది. గుమ్మంలోనే నిలబడి, చెప్పులు విప్పకముందే, చెప్పాల్సింది చెప్పేశాడు. ఇదే ఆఖరిసారి రావడమట. వేరే ఊళ్లో పెద్ద చేపల ప్రదర్శనశాలలో ఉద్యోగం ఒప్పుకున్నాడట. రేపే ప్రయాణమట. నీళ్లు తిప్పుకోవడం ఎలాగో చూపించేసి వెళ్తాడట, ఆ తర్వాత మేమే చేసుకోవచ్చట.

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. మావయ్య కళ్లద్దాలు తీసేశాడు. తాతయ్య రేడియో కట్టేశాడు. పిన్ని మంచినీళ్లు తాగుతోంది. గ్లాసు ఖాళీ అయిపోయినా ఇంకా తాగుతూనే ఉంది.

"మంచిదేగా" అంది చివరికి. గ్లాసు బల్ల మీద పెట్టింది. "దొర సంగతి ముందు చూడండి."

అతను పుల్ల నా చేతికిచ్చి తను పంపు దగ్గర వంగాడు. నేను స్టూలెక్కి పోగుని నీళ్లలో ముంచాను. పోగు నిటారుగా కిందికి వేలాడింది. ఇంకో మూల ముంచాను. అక్కడా అంతే. మధ్యలో, అడుగున, గోడ పక్కన, ఎక్కడ ముంచినా కదలలేదు. పంపు మాత్రం బుర్రుమని చప్పుడు చేస్తోంది.

అతనికీ అర్థం కాలేదు. పంపు తిరుగుతోంది, నీళ్లు నడవడం లేదు. ఇన్నేళ్లలో ఇలాంటిది చూడలేదన్నాడు. మోచేతి దాకా చెయ్యి ముంచి, నీళ్లు లోపలికి లాగే పైపుని పైకి తీశాడు.

పైపు చివర ఒక సంచి ఉంది. మందపాటి నీలం గుడ్డ. దాని మీద తెల్ల పువ్వులు. మూతి దగ్గర తాడు వేసి బిగించి ఉంది. చుట్టూ కుచ్చులు.

అందరం హాలు కిటికీకున్న కర్టెన్ చూశాం. నీలం గుడ్డ, తెల్ల పువ్వులు. తర్వాత అత్తయ్యని చూశాం.

ఒకరోజు పిల్లచేప ఆ పైపుకి అతుక్కుపోయి గిలగిల్లాడిందని, చూడలేక సంచి కుట్టి తొడిగానని అత్తయ్య చెప్పింది. తన గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

"సరే, కుచ్చులెందుకు?" అన్నాడు మావయ్య.

"బోడిగా ఉందని."

ఆ గుడ్డ గుండా నీళ్లెలా వెళ్తాయని అతను అడగలేదు పాపం. సంచి విప్పి పక్కన పెట్టి, మళ్లీ చూడమన్నాడు. పోగు కొంచెం ఊగి ఆగిపోయింది. అతను ఇంకా వంగాడు. నీళ్లు బయటికొచ్చే పైపు కొస పైకి ఉండాల్సింది, నేలకేసి తిరిగి ఉంది.

తాతయ్య గొంతు సవరించుకున్నాడు. నీళ్లు పడే చప్పుడు రోజంతా చెవిలో పడుతుంటే ఇంట్లో ఎక్కడో గడియారం తప్పు నడుస్తున్నట్టు ఉంటోందట. అందుకని కిందికి తిప్పాడట. అత్తయ్య మొహంలోకి కొంచెం రక్తం వచ్చింది.

పైపుకి ఎదురుగా మట్టి కోట ఉంది. అది ఇదివరకు వెనక మూల ఉండేది. అక్కడికెలా వచ్చిందని అతను అడగకముందే మావయ్య తేలు కుట్టిన దొంగలా గోడకి ఆనుకున్నాడు. దొర ముసలివాడైపోయాడని, నీళ్లు వచ్చి మొహానికి కొడుతుంటే చూసి తట్టుకోలేక అడ్డం పెట్టానని ఒప్పుకున్నాడు.

కోట జరిపాడు. పైపు పైకి తిప్పాడు. పోగు వాలింది గాని నీరసంగా వాలింది. అతను పంపు మీదున్న మీట చూశాడు. అది అన్నిటికంటే కింద, ఆపేసే చోటుకి జానెడు దూరంలో కాదు, వెంట్రుకవాసి దూరంలో ఉంది.

దాన్ని ఎవరు జరిపారు? నేనైతే కాదు. తాతయ్య, మావయ్య, అత్తయ్య తమవి తాము చెప్పేశారు.

"నేనే" అంది పిన్ని. "రోజూ కొంచెం కొంచెం తగ్గించాను. దొర అలిసిపోతున్నాడనుకున్నాను."

ఇంట్లో నలుగురు, నలుగురూ ప్రేమతోనే, ఒకరికి తెలియకుండా ఒకరు ఆ చేపలకి ఊపిరి ఆడకుండా చేశారు. మీట జరపగానే పైన నీళ్లు వణికాయి. నా చేతిలో పోగు ఎర్రటి తోకలా పక్కకి లేచింది. మావయ్య నవ్వాడు. అత్తయ్య నవ్వింది. అతను నవ్వలేదు. పిన్నినే చూస్తున్నాడు.

"నా నంబరు మీ దగ్గరుంది కదా. ఒక్కసారి అడిగి ఉండాల్సింది."

"మీరు రావడం మానేశారు. మానేసినవాళ్లకి ఫోన్ చేసి ఏమని అడగను?"

అతను పైపు తుడవడం మొదలుపెట్టాడు. అప్పటికే తుడిచిన పైపు అది. పిన్నికి కోపం వచ్చింది. అతని మీద చూపించడానికి వీల్లేదు కాబట్టి మా వైపు తిరిగింది. ఈ ఇంట్లో చెప్పకుండా ఇంకా ఎవరెవరు ఏమేం చేశారో ఇప్పుడే చెప్పెయ్యండి, మళ్లీ అడగను అంది.

తను అడిగింది తొట్టి గురించి. మావయ్యకి అది తెలియలేదు. ఒప్పుకోవడం ఒకసారి మొదలుపెడితే ఆగే మనిషి కాదు.

"నేను ఇతనితో మాట్లాడానమ్మాయ్" అన్నాడు కళ్లద్దాలు తుడుచుకుంటూ. "ఒక్కసారే."

"దేని గురించి?"

"నీ గురించే."

పిన్ని మొహంలో కత్తి వాటుకి నెత్తురు చుక్క లేదు. అతను పైపు కింద పెట్టాడు.

మావయ్య చెప్పుకొచ్చాడు. వీళ్లిద్దరి సంగతి తనకి బాగా తెలుసట. మంచి కుర్రాడని, తనకిష్టమేనట. అందుకే తర్వాత మాట రాకూడదని, అతని దుకాణానికి వెళ్లి, మా చెల్లాయికి కోపమెక్కువ, నోరు ఇంకా ఎక్కువ, మాతోనే సరిపోవడం లేదు, బాగా ఆలోచించుకో బాబూ అని చెప్పొచ్చాడట. కళ్లద్దాలు అమ్మేటప్పుడు కూడా ముందే చెప్తాం కదా, ఈ ఫ్రేము చెవుల దగ్గర కొంచెం నొక్కుతుందని. అలా అన్నమాట.

"నేను నొక్కే ఫ్రేమునా అన్నయ్యా?"

"ఉదాహరణకి."

అప్పుడు అత్తయ్య మిషను ముందు కూర్చునే, తలెత్తకుండా, నేను కూడా ఒకమాట అన్నాను అంది. నేను స్టూలు మీద నుంచి పడబోయి గాజు పట్టుకున్నాను. ఆ రోజుల్లో పిన్నికి ఒక సంబంధం వచ్చింది. బ్యాంకులో పని చేసే అబ్బాయి. వాళ్ల జవాబు ఇంకా రావాలని అందరం అనుకుంటున్నాం. అత్తయ్య ఈ పంపాయన్ని వీధి చివర ఆపి, మా అమ్మాయికి సంబంధం దాదాపు కుదిరిపోయింది అని చెప్పిందట. అలా చెప్తే కంగారుపడి నోరు తెరుస్తాడనుకుందట.

"ఆయన స్పాంజి పిండుకుంటూ కూర్చుంటే ఇంకెప్పుడు తెరుస్తాడమ్మాయ్? నాకూ ఓపిక ఉండాలి కదా" అంది.

పిన్ని కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఇప్పుడందరం తాతయ్య వైపు చూశాం. ఆయన కిటికీలోంచి వాన చూస్తున్నాడు.

"నాన్నా, నువ్వు కూడానా?"

"నేను సంబంధం గురించి ఏమీ మాట్లాడలేదు" అన్నాడు తాతయ్య గంభీరంగా. "గడియారం గురించి చెప్పాను."

ఏం చెప్పాడో అతనే మాకు అప్పజెప్పాడు. ఒకసారి అతను తొట్టి తుడిచి వెళ్తుంటే తాతయ్య గేటు దాకా వెంట వెళ్లి, గడియారం బాగుచెయ్యడానికి ఇచ్చినవాడు రోజూ వచ్చి కొట్టు ముందు నిలబడకూడదు అన్నాడట. ఇక రావద్దని మర్యాదగా చెప్పారనుకున్నాడట. అది విన్నది బుధవారం. అత్తయ్య ఆపింది ఆ తర్వాత. మావయ్య వచ్చింది చివర.

"రావద్దని కాదయ్యా. కొంచెం ఓపిక పట్టు, పని జరుగుతోంది అని."

"నాకలా అర్థం కాలేదండీ."

"అర్థం చేసుకోవడానికి తెలివుండాలి."

"మావయ్యగారూ, అది నాక్కూడా అర్థం కాలేదు" అంది అత్తయ్య.

అతను తడి చేతులు చొక్కాకే తుడుచుకుని, తొట్టి పక్కనున్న పీట మీద కూలబడ్డాడు. పీట మీద కూర్చున్నా పిన్ని కుర్చీ అంత ఎత్తున్నాడు. ముగ్గురూ రమ్మనే చెప్పారన్నమాట అని తనలో తను ఒకసారి, పైకి ఒకసారి అన్నాడు. ఆ ముగ్గురి మాటలూ విన్నాకే దూరం ఊళ్లో ఉద్యోగం ఒప్పుకున్నాడట.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

"ఆ బ్యాంకు సంబంధం..." అని అతను అడగబోయి ఆగాడు.

"వద్దని చెప్పేశాను" అంది పిన్ని.

అత్తయ్య చేతిలో కత్తెర కింద పడింది. ఎప్పుడు చెప్పావు, ఎవరికి చెప్పావు, వాళ్లు రేపో మాపో కబురు పెడతారని నేను వరండా కర్టెన్లు కూడా మార్చానే అంది. పిన్ని తనే వాళ్లింటికి వెళ్లి, ఆ అబ్బాయి తల్లితో మర్యాదగా చెప్పి, కాఫీ తాగి వచ్చిందట. అది జరిగి చాలా రోజులైందట.

"ఎవర్నడిగి వెళ్లావ్?" అన్నాడు తాతయ్య.

"ఎవర్నీ అడగలేదు. నీ కూతుర్నే కదా."

తాతయ్య నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయాడు. తొట్టిలో దొర మెల్లగా నిటారయ్యాడు. చేపలు ఒక్కొక్కటే పైనుంచి కిందికి దిగుతున్నాయి. వాటి వైపు చూస్తున్నది నేనొక్కదాన్నే.

అతను పీట మీద నుంచి లేవకుండా పిన్నితో అన్నాడు.

"వీళ్లు ముగ్గురూ నాకు ఏదో ఒకటి చెప్పారు. తప్పో ఒప్పో చెప్పారు. మీరొక్కరే ఏమీ చెప్పలేదు."

పిన్ని చేతులు ఒళ్లో పెట్టుకుంది. రోజూ ఎంతోమంది చేతుల్లో నరం వెతికి సూది గుచ్చే చేతులు. అవి ఇప్పుడు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. నేను పిన్నిని అలా చూడలేదు. నాకు తను లేచి వెళ్లిపోతుందనిపించింది. వెళ్లిపోతే అతను సంచి సర్దుకుంటాడు. రేపు బండెక్కుతాడు. తర్వాత ఈ ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడరు. చచ్చేదాకా మాట్లాడరు. కిటికీ గడియ పెట్టే ఉంటుంది.

పిన్ని లేవలేదు.

"మా ఇంట్లో అడిగే అలవాటు లేదండీ" అంది. "నాకు రాదు. ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. వెళ్లకండి."

హాల్లో నీళ్లు పడే చప్పుడు తప్ప ఇంకేం లేదు. తాతయ్య ఆ చప్పుడు గురించి ఏమీ అనలేదు.

అతను జేబులోంచి ఫోన్ తీశాడు. రెండు మూడుసార్లు తప్పు నొక్కి, చివరికి ఎవరికో చేశాడు. మా అందరి ముందూ, ఉద్యోగం ఇచ్చినవాళ్లతో, క్షమించాలండీ, రేపు నేను రాలేను, రేపే కాదు, ఇక రాలేను, ఇంకెవరినైనా చూసుకోండి అని చెప్పాడు. అవతల వాళ్లు కారణం అడిగినట్టున్నారు. పిన్ని వైపు చూశాడు.

"ఇక్కడొక ఇంట్లో నీళ్లు ఆగిపోయాయండీ. అవి తిరిగేలా చూడాలి" అన్నాడు.

మావయ్య బాహాటంగా ఏడ్చేశాడు. కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నాడు, మళ్లీ తీసి తుడిచాడు. అత్తయ్య కొంగు అందించింది. తాతయ్య లేచి వచ్చి, అతని ఎదురుగా నిలబడి, గడియారం వెనక మూత తీసి చూసేటంత దగ్గరగా అతని మొహం చూశాడు. చూశాక భుజం మీద తట్టాడు. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరున్నారు, వాళ్లతో నేను మాట్లాడాలి అన్నాడు. సూటిగానే అన్నాడు. అందులో గడియారం లేదు.

అమ్మ ఉందని, ఆవిడకి ఈ సంగతి ఎప్పుడో చెప్పేశానని, ఆవిడకి చాలా ఇష్టమని అతను చెప్పాడు.

"నన్ను చూడకుండానే ఇష్టమా?" అంది పిన్ని.

"చూసింది."

"ఎక్కడ?"

అతను మెడ తడుముకున్నాడు. అతనికి కూడా తెలియకుండా, తన తల్లి ఒకరోజు పిన్ని పనిచేసే ల్యాబుకి వెళ్లిందట. ఏ జబ్బూ లేకుండా రక్తపరీక్ష చేయించుకుందట. సూది గుచ్చుతున్నంతసేపూ పిన్ని మొహమే చూస్తూ కూర్చుందట.

పిన్ని కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

"చక్కెర లేదని చెప్తే నిరాశగా చూసి, ఇంకొకసారి తియ్యమ్మా అన్న ఆవిడా?"

"ఆవిడే."

"రెండు చేతులకీ తీయించుకున్నారావిడ."

"ఒక చేతికి తీసేలోపల మిమ్మల్ని సరిగ్గా చూడలేకపోయిందట."

అత్తయ్య మావయ్య చెవిలో, మనింటికి సరిపోయిన వియ్యపురాలు అంది. చెవిలో అన్నా అందరికీ వినిపించింది. దాంతో అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. తాతయ్య ఆవిడ ఫోన్ నంబరు అడిగాడు. మావయ్య ఆవిడకి చత్వారం ఎంత ఉందని అడిగాడు. అత్తయ్య వాళ్లింట్లో కిటికీలెన్ని, ఏ సైజు అని అడిగింది. ఏనాడూ ఎవరినీ ఏదీ అడగని మనుషులు అడగడం మొదలుపెడితే ఎలా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. దానికంటే పాత పద్ధతే నయమనిపించింది.

అతను ఒకరికి జవాబు చెప్పబోతే ఇంకొకరు అడ్డం వస్తున్నారు. చివరికి చెయ్యెత్తి, బడిలో పిల్లాడిలా, మేడంతో నాకు ఒక్క మాట చెప్పాలని ఉంది, వానాకాలం నుంచీ ఉంది అన్నాడు.

చెప్పు, చెప్పు అన్నారు ముగ్గురూ. ఎవరూ కదల్లేదు. మావయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నాడు కూడా.

అప్పుడు పిన్ని రంగంలోకి దిగింది. తాతయ్య చేతిలో రేడియో పెట్టి వంటింటి వైపు నడిపించింది. తడి సంచి కుచ్చులతో సహా అత్తయ్య చేతిలో పెట్టి, ఆరెయ్యి వదినా అని పంపించింది. మావయ్యని మాత్రం మాటలతో కదపలేక వీపు మీద రెండు చేతులూ పెట్టి తోసుకుంటూ తీసుకెళ్లింది. ఆయన వెళ్తూ వెళ్తూ, కోపమెక్కువని చెప్పానా లేదా అని అతనికి సైగ చేశాడు.

నేను ఇంకా స్టూలు మీదే ఉన్నాను. ఒక చెయ్యి మోచేతి దాకా నీళ్లలో ఉంది. తొట్టి వెనక మూల చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరి బిగబట్టాను. పిన్ని తిరిగొచ్చి అతని వైపు రెండడుగులు వేసింది. వేసి ఆగింది. తల తిప్పకుండానే చెయ్యి చాచి నా జబ్బ పట్టుకుంది.

"దిగవే."

"నేను చిన్నదాన్ని పిన్నీ, నాకేం అర్థం కాదు" అన్నాను.

"ఈ ఇంట్లో అన్నీ అర్థమయ్యేది నీ ఒక్కదానికే" అంటూ నన్ను గుమ్మం దాటించి, నా చేతి నుంచి నీళ్లింకా కారుతుండగానే, నా మొహం మీద తలుపు వేసేసింది.